హారన్ కొట్టొద్దన్న జమేదారు

ఇప్పుడు రోడ్డు మీద హారన్ మోగితే పక్కకు జరిగేవాళ్లు తక్కువ, వెనక్కి తిరిగి కళ్లెర్రజేసేవాళ్లు ఎక్కువ. నేను లారీ పట్టిన కొత్తలో సంగతి వేరు. మానుకోట నుంచి మరిపెడ పోయే కంకర దారిలో (మహబూబాబాద్‌ను మేం అప్పుడూ ఇప్పుడూ మానుకోట అనే అంటాం) నా హారన్‌కు ఉన్న మర్యాద ఈనాటి మంత్రిగారి కారుకు కూడా లేదు. రబ్బరు బుడ్డి ఒక్కసారి నొక్కితే చాలు, ఊరికి ఊరే లేచి జొన్న చేలల్లో పడేది. పొయ్యి మీది కూర పొయ్యి మీదే, బావిలో వేసిన చేద బావిలోనే. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసు కదా, నన్ను చూసి ఇంతమంది పరుగెత్తుతున్నారంటే నాలో ఏదో గొప్పతనం ఉందని మొదట్లో అనుకున్నాను కూడా.

అవి నైజాం చివరి రోజులు. వెట్టి చెయ్యం, ధాన్యం ఇయ్యం అని ఊళ్లలో జనం సంఘం కట్టి తిరగబడ్డ కాలం. వాళ్ల మీదికి ఖాకీ బట్టలు తొడుక్కుని తుపాకులు పట్టుకుని ఒక దండు తిరిగేది. ఆ దండుకు వేరే పేరుంది, అది పుస్తకాల్లో దొరుకుతుంది. మా వైపు మాత్రం ఉత్తగా 'దండు' అంటే చాలు, తాగుతున్న గంజి గొంతులో ఆగిపోయేది. దండు వచ్చి వెళ్లిన ఊళ్లో గడ్డివాములు కాలేవి, కొన్ని ఇళ్లలో మనుషులు మిగిలేవాళ్లు కాదు. ఆ దండు లారీల్లో వచ్చేది. ఆ దారిన లారీలు తిప్పేది ఇద్దరే: ఒకటి దండు, రెండు మా సావుకారు. వాళ్ల లారీలో తుపాకులుండేవి, మా లారీలో ఉప్పు బస్తాలుండేవి. చేలో కలుపు తీస్తున్న మనిషికి దూరం నుంచి వినిపించే 'భోం'లో ఉప్పేదో తుపాకేదో ఎట్లా తెలుస్తుంది? అందుకని ముందు పరుగెత్తి, తర్వాత ఆలోచించేవాళ్లు. వాళ్ల తప్పేమీ లేదు.

నాది చిల్పూర్ వైపు పల్లె. లారీ నేర్చుకోవాలన్న పిచ్చితో మానుకోట చేరి, ఉప్పు సావుకారు గోదాములో ఉన్న పచ్చ లారీకి అతుక్కుపోయాను. దాన్ని నడిపే పెద్దాయనది జనగామ. అందరూ ఉస్తాద్ అని పిలిచేవాళ్లు. మేం మీ మతం కోసమే తిరుగుతున్నామని ఆయన ముందు చెప్పుకునే ఆ దండు మీద ఆయనకున్నంత కోపం ఇంకెవరికీ ఉండేది కాదు. ("లారీల గేర్లు ఇరగ్గొడుతున్నరు బద్మాష్‌లు" అనేవాడు. అసలు కారణం వేరే ఉన్నా బయటికి ఇదే చెప్పేవాడు.) నాకు స్టీరింగు నేర్పడానికి ఎంతకాలం పట్టిందో హారన్ నేర్పడానికీ అంతకాలం తీసుకున్నాడు. హారన్ అంటే నోరు అనేవాడు ఉస్తాద్, నోరుందని వాగకూడదు, అవసరమైనప్పుడు మూసుకోకూడదు. మూలమలుపు ఉంటే మలుపు రాకముందే కొట్టాలి, మలుపులో పడ్డాక కొడితే అది ఏడుపు. ఎడ్లబండిని దాటాలంటే దూరం నుంచే కొట్టాలి, ఎడ్ల చెవి దగ్గరకు పోయి కొడితే అవి బెదిరి బండిని మన మీదికే తెస్తాయి. బర్రెలకు కొట్టినా కొట్టకపోయినా ఒకటే కాని కొట్టు, వాటి వెనక పిల్లగాడైనా వింటాడు. వీటన్నిటికంటే ముఖ్యమైన మాట మాత్రం రోజూ చెప్పేవాడు.

"బేటా, మనల్ని చూడనోనికి కొట్టేది హారన్. చూసినోనికి కొట్టేది తిట్టు."

ఉస్తాద్ కళ్లకు పొర కమ్మి దారి మసకబారడంతో లారీ నా చేతికి వచ్చింది. మొదటిసారి ఒంటరిగా మరిపెడ దారి పట్టిన రోజు నా వేషం చెప్పాలి. ఉతికిన చొక్కా, ఆముదం కారుతున్న క్రాపు, మెడలో రుమాలు. ఆ దారిలో ఒక గుట్ట ఉంది. దారి ఆ గుట్టను చుట్టుకుని కిందికి దిగి, ఒక ఊళ్లో పడుతుంది. మలుపు అవతల ఏముందో ఇవతలికి కనిపించదు. ఉస్తాద్ పాఠం గుర్తు చేసుకుని, మలుపు రాకముందే బుడ్డి పట్టుకుని మనసారా మూడు సార్లు నొక్కాను. గుట్ట కూడా దానికి వంత పాడింది. ఎంతో సంతోషంగా మలుపు తిరిగి ఊళ్లోకి దిగాను కదా, ఊళ్లో ఎవరూ లేరు.

ఎవరూ లేరంటే నిజంగా ఎవరూ లేరు. పొయ్యిలు మండుతున్నాయి. ఒక ఇంటి ముందు మంగలి సామాను పరిచి ఉంది, గిన్నెలో సబ్బు నురగ ఇంకా చితపట అంటోంది, మంగలీ లేడు, గడ్డం గీయించుకుంటున్నవాడూ లేడు. నన్ను చూసి పక్కకు తప్పుకునేందుకు కోళ్లు మాత్రం మిగిలాయి. భయమేసింది నాకు. లారీ దిగి ఎవరన్నా ఉన్నారా అని అరుచుకుంటూ పోతుంటే, ఒక ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ చాటలో బియ్యం ఏరుకుంటూ కనిపించింది. ఊరంతా పెద్దవ్వ అని పిలిచేదట. ఆమెకు పుట్టుచెవుడు కాదు గాని, ఉరుము ఉరిమితే 'ఎవరో పిలుస్తున్నరు' అనేంత చెవుడు. ఊరు ఖాళీ అయిన సంగతి ఆమెకు తెలియదు. ఉప్పు తెచ్చానని చెవి దగ్గర అరిచి చెప్పాను. ఆమె నా ఉతికిన చొక్కానూ, ఆముదం క్రాపునూ కింది నుంచి మీది దాకా చూసి, తనకు తోచిన అర్థం తను తీసుకుంది. చేయి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, గిన్నె నిండా జొన్న గట్క, అందులో చల్ల పోసి, పక్కన ఉల్లిగడ్డ పెట్టింది. వద్దంటే వినదు (వినిపించదు అనాలి). ఆకలిగానే ఉంది, తింటూ కూర్చున్నాను.

సగం గిన్నె అయ్యేసరికి చేలల్లోంచి జనం వచ్చారు. ముందు కర్రలు వచ్చాయి, వెనక మనుషులు వచ్చారు. అందరికంటే ముందు, చీరకొంగు నడుముకు దోపి, వడిసెలలో రాయి పెట్టి తిప్పడానికి సిద్ధంగా పట్టుకున్న ఒక పిల్ల. తుపాకులోడిని వెతుక్కుంటూ వచ్చిన వాళ్లకు పెద్దవ్వ అరుగు మీద గట్క తాగుతున్న నేను కనిపించాను. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. పెద్దవ్వే ముందు నోరు తెరిచింది. పిల్లను చూసుకోవడానికి అల్లుడు వచ్చిండని, ఇల్లు విడిచిపెట్టి అందరూ ఎటు పోయిండ్రని, మర్యాద తెలియని ఊరని తిట్టింది. నేను గిన్నె కింద పెట్టేశాను. వడిసెల పట్టుకున్న పిల్ల పెద్దవ్వ మనవరాలే.

"అల్లుడు గాదవ్వా," అంది ఆ పిల్ల, నా మీద నుంచి చూపు తిప్పకుండా. "గీయిన హారన్‌తోని నా చింతచిగురు కూర మాడిపోయింది."

అక్కడికక్కడే పంచాయతీ పెట్టారు. పెద్దమనిషి సంఘం నాయకుడు. ఆయనే ఆ మంగలి ముందు కూర్చున్నవాడు. ముఖంలో కుడిభాగం నున్నగా, ఎడమభాగం గడ్డంతో, ఎండిన సబ్బుతో ఉంది. మంగలి ఇంకో దిక్కు పరుగెత్తాడు, ఇంకా దొరకలేదు. ఆయన ఎంత గంభీరంగా మాట్లాడితే నాకు అంత నవ్వు వచ్చేది. నవ్వితే ప్రాణం పోతుందన్న భయంతో ఉల్లిగడ్డ కొరుకుతూ కూర్చున్నాను, కళ్లలో నీళ్లు చూసి ఆయన నేను పశ్చాత్తాపపడుతున్నానని అనుకున్నాడు. తీర్పు తేల్చేశాడు: ఉప్పు రావాలి, హారన్ రావద్దు. ఇకమీదట ఈ ఊరి దగ్గర హారన్ ముట్టుకోకూడదు. మలుపు ఉందన్నా, ఉస్తాద్ చెప్పాడన్నా, ఎవరైనా ఎదురొస్తే ప్రమాదమన్నా ఆయన వినలేదు. ఉస్తాద్‌కు సంఘం మాట చెప్పమన్నాడు.

మరుసటి వారం సంఘం మాట ప్రకారం నోరు మూసుకుని మలుపు తిరిగాను. సరిగ్గా అదే సమయానికి అటు నుంచి ఎడ్లబండి వచ్చింది. బండిలో ఎవరున్నారనుకున్నారు? సంఘం నాయకుడే. ఎడ్లు నా పచ్చ లారీని చూసి, ఇంతటి బర్రెను పుట్టాక చూడలేదన్నట్టు ఒక్క గెంతు గెంతాయి. బండి ఒకవైపు, ఎడ్లు ఒకవైపు, నాయకుడు రేగు కంపలో. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు గాని, ఆయన్ని కంపలోంచి తీయడానికి ఊరంతా పని చేయాల్సి వచ్చింది. ఒక్కొక్క ముల్లు తీస్తుంటే ఒక్కొక్క మెట్టు దిగుతూ వచ్చాడాయన. మొదట నా తప్పన్నాడు, తర్వాత ఎడ్ల తప్పన్నాడు, ఆఖరి ముళ్లు తీసే వేళకు హారన్ కొట్టాల్సిందేనన్నాడు. ఎట్లా కొట్టాలన్నది మాత్రం ఎవరికీ తోచలేదు. వడిసెల పిల్లే మార్గం చెప్పింది: రెండుసార్లు కొట్టి, ఒక ఊపిరి పీల్చి, ఇంకొకటి కొడితే ఉప్పు లారీ. ఇంకెట్లా మోగినా దండు. దానికి ఊరంతా ఒప్పుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు నా బతుకు రాజబతుకు. గుట్ట దగ్గరకు రాగానే భోం భోం, ఊపిరి, భోం. మలుపు తిరిగేసరికి ఆడవాళ్లు కడవలు, గంపలు పట్టుకుని దారికి ఎదురొచ్చేవాళ్లు. పక్క ఊళ్లకు కూడా ఈ మోత తెలిసిపోయింది. నన్ను అందరూ ఉప్పన్న అనేవాళ్లు. మలుపు ముందు లారీ ఆపి అద్దంలో క్రాపు సరిచూసుకుని మరీ దిగేవాణ్ని. ఎందుకంటే చెప్పను. ఆ పిల్ల మాత్రం అందరికంటే ఆఖరున వచ్చేది, ఉప్పులో ఇసుక ఉందని నాతో తగవు పెట్టుకునేది. గోదాముకు పోయి సావుకారు చూడకుండా ఆ ఇంటికోసం ఒక బస్తా ఉప్పు జల్లెడ పట్టాను. తర్వాతి సారి వచ్చి, ఇసుక లేదు గాని ఉప్పు తెల్లగా లేదంది.

అట్లా గడుస్తుండగా ఒకరోజు పొద్దున దండు మా గోదాముకే వచ్చింది. పది పన్నెండు మంది, ముందు వాళ్లను నడిపించే ఒక జమేదారు. మనిషి లావు, మీసం ఇంకా లావు, తలకు ఎత్తు టోపీ. దండు లారీ కనిపిస్తే ఊళ్లు ఖాళీ అవుతున్నాయని, ఉప్పు లారీకి ఎవరూ పారిపోరని ఆయనకు ఎవరో చెప్పారు. మోతలోని తేడా మాత్రం చెప్పలేదు. హారన్ వింటే పారిపోతారన్నంత వరకే ఆయనకు తెలుసు. సావుకారు చేతులు జోడించినా లాభం లేకపోయింది. లారీ వెనక ఉప్పు బస్తాలు చుట్టూ పేర్చి, నడుమ మనుషుల్ని కూర్చోబెట్టి, మీద టార్పాలిన్ కప్పారు. ఎక్కడికి పోవాలో అప్పుడు చెప్పారు. గుట్ట కింది ఊరు.

జమేదారు నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"దారిల ఎక్కడ గూడ హారన్ మోగొద్దు. ముట్టుకున్నవంటే చెయ్యి నరుకుత."

ఉస్తాద్ టైర్లు చూసే నెపంతో నా దగ్గరికి వచ్చాడు. ఆ మసక కళ్లతో నా ముఖం చూసి, "బేటా, సర్కారు చెప్పినట్టే విను. చెప్పినట్టే," అని రెండోసారి గట్టిగా అని తలుపు వేశాడు. అంతకాలం నుంచి నేను దేవుడిలా చూసిన మనిషి ఇట్లా పిరికివాడయ్యాడేమిటని దారి పొడుగునా లోపల్లోపల తిట్టుకున్నాను.

కొంత దూరం పోయేసరికి ఒక సంగతి తెలిసింది. జమేదారు గుర్రాల మనిషి. ఏ గుర్రాన్ని ఎట్లా లొంగదీశాడో చెబుతున్నాడు గాని, లారీ గుంతలో పడినప్పుడల్లా ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని మాట మధ్యలో ఆపేస్తున్నాడు. ఇంతలో ముందొక ఎడ్లబండి, బండివాడు నిద్రలో ఉన్నాడు. దాటాలంటే హారన్ కొట్టాలి. కొట్టమంటారా సర్కార్ అని అడిగాను. వద్దన్నాడు. సరేనని ఎడ్ల వెనకే, ఎడ్ల నడకతో, లారీని పాకించాను. కాసేపటికి దాటమని అరిచాడు. వినిపించకుండా ఎట్లా దాటాలో సెలవియ్యమన్నాను. చివరికి ఆయనే తలుపులోంచి సగం బయటికి వంగి బండివాణ్ని తిట్టాడు. బండివాడు కళ్లు తెరిచి, ఎదురుగా ఆ మీసాన్ని చూసి, బండి వదిలేసి కందిచేలో పడి మాయమయ్యాడు. ఎడ్లు దారి మధ్యలో నిలబడిపోయాయి. టార్పాలిన్ కిందున్న వాళ్లందరూ దిగి బండిని పక్కకు జరపాల్సి వచ్చింది. నేను మర్యాదగా రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఒక మేకల మందకు అడిగాను, తాటికల్లు కుండలు మోసుకుపోతున్న గౌడన్నకు అడిగాను, ఒక కుక్కకు కూడా అడిగాను. ఇంకోసారి అడిగితే నాలుక కూడా నరుకుతానన్నాడు. ఇక అడగలేదు.

గుట్ట దూరాన కనిపించింది. నవ్వులాట పోయింది నాకు. ఊళ్లోవాళ్లకు నా లారీ ఇంజను చప్పుడు తెలుసు, దానికి ఎవరూ కదలరు. హారన్ లేకుండా దిగితే అంబలి తాగుతున్న చోటే దొరికిపోతారు. పోనీ తెగించి హారన్ కొడదామంటే నా చేతికి అలవాటైన మోత ఒక్కటే. భయంలో ఆ భోం భోం, భోమే వచ్చేస్తే, పాపం, కడవలు పట్టుకుని తుపాకులకు ఎదురొస్తారు. సగం గడ్డంతో తీర్పు చెప్పిన ఆయన, చాటలో బియ్యం ఏరుకునే పెద్దవ్వ, ఉప్పు తెల్లగా లేదన్న ఆ పిల్ల, అందరూ కళ్ల ముందు నిలిచారు. స్టీరింగు మీద అరచేతులు చెమటకు జారుతున్నాయి. అప్పుడు, గుట్ట వాలు మొదలయ్యే చోట, ఉస్తాద్ మాట మళ్లీ వినిపించింది. చెప్పినట్టే విను. చెప్పినట్టే. జమేదారు హారన్ కొట్టొద్దన్నాడు. బ్రేకు కొట్టమని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

బ్రేకు మీది కాలు తీసి పక్కన పెట్టుకున్నాను.

వాలు మీద లారీ ఊపందుకుంది. ఉప్పు బరువు వెనక నుంచి తోస్తోంది. పశువులు మేతకు వచ్చే వేళ అది, మలుపులో ఏముంటుందో నాకు తెలుసు. జమేదారు గుర్రం కథ ఆపేశాడు. మెల్లగా పోనియ్యమన్నాడు. ఉప్పు బరువు సర్కార్, వాలు సర్కార్ అన్నాను. మలుపు తిరిగాం. దారి నిండా బర్రెలు.

"కొట్టురా, కొట్టు," అన్నాడు జమేదారు, గొంతు సన్నగా అయిపోయి.

"ఏం కొట్టాలె సర్కార్?"

"హారన్ కొట్టు."

"మీరే వద్దంటిరి సర్కార్. చెయ్యి నరుకుతనంటిరి."

ఇక ఆయన నన్ను నమ్ముకోలేదు. హారన్ బుడ్డి నా కుడివైపు తలుపు దగ్గర ఉండేది, ఆయన ఎడమవైపు. అంత లావు మనిషి నా ఒడిలో బోర్లా పడి, చేతులు చాచి, ఆ రబ్బరు బుడ్డిని రెండు చేతులతో పట్టుకుని, దాహంతో చచ్చిపోతున్నవాడు నీళ్ల తిత్తిని పిసికినట్టు పిసికాడు. భోం భోం భోం భోం భోం. ఊపిరి లేదు, విరామం లేదు. టోపీ ఎగిరి బయట పడింది. మీసం నా మోచేతికి గుచ్చుకుంటోంది. నేను అప్పుడు, సర్కారు ఆజ్ఞ లేకుండానే, రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను. లారీ కంకర మీద జారి, బర్రెల మధ్య నుంచి వంకరగా పోయి, పక్కనున్న బురద మడుగులో నెమ్మదిగా, ఆయాసంతో కూర్చున్న ముసలాయన లాగా కూలబడింది. వెనక ఉప్పు బస్తాలు ధబధబ పడి దండు మొత్తాన్ని కప్పేశాయి. దారి మధ్యలో ఒక బర్రె మాత్రం కదలకుండా నిలబడి మమ్మల్నే చూస్తోంది. లారీ ఆగింది, ఇంజను ఆగింది, జమేదారు మాత్రం ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు. అప్పుడు ఊరి వైపు నుంచి, ఎండకాస్తున్న ఆ పొద్దున, జొన్న చేలల్లో వాన పడుతున్నట్టు సరసరమని చప్పుడు వినిపించింది. నా జీవితంలో అంతకంటే మంచి చప్పుడు వినలేదు.

దండు బస్తాల కిందినుంచి బయటపడి, ఒళ్లంతా ఉప్పుతో, దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ ఊళ్లోకి దిగేసరికి పొయ్యిలు, కోళ్లు మిగిలాయి. అరుగు మీద పెద్దవ్వ. జమేదారు పోయి అందరూ ఎక్కడని గర్జించాడు. ఆమె ఆయన్ని నెమ్మదిగా పరిశీలించింది. మీసం నిండా, కనుబొమ్మల నిండా తెల్లటి ఉప్పు. లోపలికి పోయి ఒక కడవ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి, "నిండ పొయ్యి బిడ్డా. ఆ పిల్లగాడు రాలేదా గీ దినం?" అంది. ఆయన ఆ కడవ పట్టుకుని తన మనుషుల వైపు తిరిగాడు. ఆయన మనుషులు ముఖాలు గోడ వైపు తిప్పుకున్నారు, వాళ్ల భుజాలు కదులుతున్నాయి. ఆ కోపంలో కడవ పగలగొట్టాడు, ఇంకా నాలుగిళ్ల కుండలు పగిలాయి, ఒక గడ్డివాము కాలింది. ముసలావిడ మీద చెయ్యి మాత్రం లేవలేదు. మనుషులెవరూ దొరకలేదు. నాకు రెండు చెంపదెబ్బలు పడ్డాయి గాని, ఏ తప్పుకని ఆయన చెప్పలేకపోయాడు. హారన్ ఎవరు కొట్టారో ఆయన మనుషులందరూ విన్నారు, ఆయన టోపీ లేని తలే దానికి సాక్ష్యం. బురదలోంచి లారీని తోయించి, మానుకోట దాకా ఆ కమ్మీని పట్టుకునే వచ్చాడు. మా లారీని మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

గోదాములో ఉస్తాద్ నా బుగ్గల మీద వేళ్ల గుర్తులు తడిమి చూశాడు, తర్వాత జరిగిందంతా చెప్పించుకున్నాడు. జమేదారు నా ఒడిలో పడ్డ చోటికి రాగానే నవ్వు పట్టుకోలేక, దగ్గు వచ్చి, కళ్లు తుడుచుకుంటూ ఇంకోసారి చెప్పమన్నాడు. ఆ వారంలో ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో లెక్క లేదు. చాయ్ హోటల్లో కూడా ఎవరూ లేకుండా చూసి చెప్పించుకునేవాడు.

తర్వాతి సారి ఊరికి పోయినప్పుడు సంఘం నాయకుడు (రెండు వైపులా నున్నగా ఉన్నాడు) నన్ను కావలించుకుని, అంత తెగువ ఎట్లా వచ్చిందని అడిగాడు. నేను కొట్టలేదన్నా, జమేదారే కొట్టాడన్నా నా వినయం అనుకున్నారు. ఆ పిల్ల మాత్రం అందరూ పోయేదాకా ఆగి, దగ్గరికి వచ్చింది.

"నిజంగ జమేదారే కొట్టిండా?"

"నిజంగనే. నా ఒళ్లె పండుకోని కొట్టిండు."

అప్పుడు నవ్వింది. అంతకు ముందు ఆమె నవ్వడం నేను చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, ఇక ఆపలేక అరుగు మీద కూర్చుండిపోయింది. పెద్దవ్వ ఏమైందని అడిగితే, ఏం చెప్పినా అర్థం కాదని, ఆమె చెవిలో ఇంకేదో చెప్పింది. పెద్దవ్వ ముఖం వెలిగిపోయింది. లోపలికి పోయి గట్క గిన్నె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. దండు పోయి, ఊళ్లు కొంచెం కుదుటపడిన తర్వాత మాకు పెళ్లయింది.

ఈ కథ ఇన్నేళ్లూ మా ఇంట్లో ఆమే చెప్పేది, నాకు చెప్పే అవకాశం ఇచ్చేది కాదు. పిల్లలు, తర్వాత మనవలు, చుట్టూ చేరితే చాలు, నోటితోనే హారన్ మోగిస్తూ, జమేదారు ఎట్లా పడ్డాడో మంచం మీద పడి చూపిస్తూ చెప్పేది. ఆమె చెప్పే కథలో నేను ఆజానుబాహువును, ఒక చెయ్యి మీసం మీద, ఒక చెయ్యి స్టీరింగు మీద. నిజానికి నాకప్పటికి మీసం సరిగ్గా రాలేదు, కూర్చుంటే బయటి వాళ్లకు నా క్రాపు మాత్రమే కనిపించేది. ఇది చెప్పబోతే, నువ్వు ఊకో, నీకేం గుర్తుంటది అనేది. ఇప్పుడామె లేదు గనుక నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, అంత బాగా రావడం లేదు, జమేదారు మాత్రం చెప్పినప్పుడల్లా కొంచెం లావెక్కుతున్నాడు. ఒక్కోసారి పడక్కుర్చీలో కళ్లు మూసుకుంటే, ఆ వాలు మీద చెమట చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్న ఆ బక్క పిల్లగాడు కనిపిస్తాడు. అంత భయంలోనూ వాడు ఓరకంట అద్దంలోకి చూసుకుంటూనే ఉన్నాడు, క్రాపు చెదిరిందేమోనని. వాణ్ని చూస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా పుడుతుంది. ఆమెతో తగవు పడాల్సిన రోజులన్నీ వాడికింకా ముందున్నాయి.